పొడి పేపరు

మూడడుగుల గాజు తొట్టి,
పాయకాపురం పాత సామాన్ల కొట్లో
విరిగిన కూలర్ల వెనక బోర్లా పడుంది.
మీరావలి మూడొందల యాభై అన్నాడు.
"కారుతుంది, ముందే చెప్తున్నా" అని కూడా అన్నాడు.
ఆ రెండో మాట కోసమే కొన్నాను.

లోపలి వైపు, అంచుకి కాస్త కింద, తెల్లటి చార.
బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి ఎండి వదిలిన సున్నం.
బయటి వైపు ఇంకో చార, మట్టి రంగుది,
దానికంటే బెత్తెడు కింద.
తొట్టి మొత్తాన్ని ముంచిన నీళ్ళు
తగ్గుతూ తగ్గుతూ ఆగి నిలబడ్డ చోటు.
అది ఎవరూ పోసిన నీళ్ళది కాదు.
బుడమేరుది.

మా ఇంట్లోనూ ఉంది ఆ గీత,
ఫ్రిజ్జు వెనక, స్విచ్చుబోర్డుకి జానెడు పైన.
రెండుసార్లు రంగు వేయించినా
ముసురు పట్టిన రోజు మళ్ళీ తేలుతుంది.

సబ్బు పెట్టొద్దన్నాడు దావీదు,
ఆటోనగర్లో లారీ అద్దాలు బిగించేవాడు.
"మూలల్లో దాక్కున్న సబ్బు చేపని చంపుద్ది బావా."
అందుకని రాళ్ళుప్పు, వెనిగర్,
పాత గళ్ళ లుంగీ ముక్క,
గడ్డం గీసుకునే బ్లేడు.
బ్లేడుని పడుకోబెట్టి గీకాలి,
నిలబెడితే గాజు మీద మన తొందర రాసిపోతుంది.
సున్నం రవ్వలు రవ్వలుగా రాలింది.
అన్నం కలిపితే వేళ్ళకి పుల్లటి వాసన.
మూలల్లో పాత సిలికాన్
మామిడి తాండ్రలా పొరలు పొరలుగా లేచొచ్చింది.

గులకరాళ్ళు మూడు విడతలు ఉడకబెట్టాను.
నాంచారి గిన్నె ఇవ్వనంది, ఇచ్చింది,
ఇక ఆ గిన్నెని వంటింట్లోకి రానివ్వనంది.
రాళ్ళలో దొరికినవి:
జడ క్లిప్పు ఒకటి,
తల లేని మట్టి మొసలి,
ఒక చిన్న ఎముకల వరస,
దువ్వెన పళ్ళంత.
చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూశాను.
ఆ రోజు దానికి గాజు లోపలా బయటా ఒకటే నీళ్ళు.
వెళ్ళిపోవచ్చు కదా, ఎందుకు వెళ్ళలేదో.
మేం మాత్రం వెళ్ళామా?
డాబా మీద నాలుగు రాత్రుళ్ళు కూర్చున్నాం
కింద మా ఇంటిని చూస్తూ.

మొదటి రాత్రి
తొట్టి కింద పేపరు పరిచి నీళ్ళు నింపాను.
తెల్లారేసరికి పెళ్ళి సంబంధాల పేజీ తడిసింది.
ఎడమ మూల.
దావీదు మళ్ళీ వచ్చి సిలికాన్ పట్టించి
వేలు తడిచేసి నునుపుగా లాగాడు,
కాటుక దిద్దినట్టు.
రెండు రోజులు ఇల్లంతా పులిసిన గాలి.
మళ్ళీ నింపితే ఆటల పేజీ మీద ఒక్క బొట్టు.
మళ్ళీ దావీదు.
ఆఖరిసారి నింపిన రాత్రి నిద్ర పట్టలా.
నాలుగింటికి లేచి చీకట్లోనే తడిమాను.
పొడి.

అప్పుడైనా చేపలు వెయ్యకూడదట,
ముందు నీళ్ళు ముదరాలట.
మూడు వారాలు ఖాళీ నీళ్ళకి
రోజుకో చిటికెడు మేత వేస్తూ కూర్చున్నా.
పక్కింటి భూషణం తొంగిచూసి
"ఏం పెంచుతున్నావోయ్?" అన్నాడు.
నాంచారి లోపల్నించే
"నీళ్ళని" అంది.

నవ్వాను గానీ నిజమే.
ఆ ఏడు పిలవకుండా గుమ్మం దాటొచ్చి
బియ్యం డబ్బా తిరగేసి
ఆల్బంలో మొహాలన్నీ నాకేసి పోయిన నీళ్ళు.
ఇప్పుడు బకెట్టుతో నేనే మోసుకొచ్చి
మర్యాదగా కూర్చోబెట్టి
ఎదురుగా టీ తాగుతున్నాను.
ఇక్కడిదాకానే, అని గాజు మీద వేలితో చూపించి.

బయటి మట్టి చార మాత్రం గీకలేదు.
బ్లేడు అక్కడిదాకా వెళ్ళి ఆగింది.

నిన్న గవర్నరుపేట నుంచి రెండు గప్పీలు తెచ్చాను.
కవరుని నీళ్ళలో తేలేసి అరగంట ఆగాం.
ముడి నాంచారి విప్పింది.
ఒకటి నేరుగా మొసలి వెనక్కి పోయి దాక్కుంది.
రెండోది ఆ చార దగ్గర నిలబడి
లోపల్నించి నోటితో తడుముతోంది.

నాంచారి వంగి కింద పేపరు మార్చింది.
ఇక అక్కర్లేదే, అన్నాను.
"ఉండనీ" అంది.